డోలుకు కట్టిన తువ్వాలు

ఫిబ్రవరి 8, 1988

చర్ల బస్సు నన్ను దింపి నా పెట్టెను దింపకుండా వెళ్ళిపోయింది. అరిచి, పరుగెత్తి, ఆపించాను. ఆగింది కూడా. కానీ కండక్టరుకు శ్రామికుడికీ ప్రయాణికుడికీ మధ్య ఉండాల్సిన సంబంధం గురించి నాలుగు మాటలు చెప్పడం మొదలుపెట్టేసరికి మళ్ళీ కదిలింది. పెట్టె రేపు వస్తుందట. పోతే పోనీ, అందులో బట్టలే. నా కరపత్రాలు చేతిసంచిలో ఉన్నాయి.

ఇది శిక్ష. వేరే పేరు పెట్టి నన్ను నేను మభ్యపెట్టుకోను. హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో మాస్టర్స్ చదివే వాళ్ళందరినీ రెండో ఏడు మూడు నెలలు ఏదో ఒక ఆసుపత్రికి పంపుతారు. అక్కడ ఒక్క విషయమైనా బాగుచేసి చూపించాలి. చూపిస్తే డిగ్రీ. నా తోటివాళ్ళకు హైదరాబాదు, విశాఖపట్నం, మద్రాసు. నాకు గోదావరి దాటి, భద్రాచలం దాటి, అడవిలో ఒక ట్రస్టు వాళ్ళ ఇరవై పడకల దవాఖానా.

కారణం చిన్నది. డైరెక్టర్ రంగాచారి గారు బోర్డు మీద 'రోగి అంటే కస్టమర్' అని రాశారు. నేను లేచి వెళ్ళి తుడిచాను. కోపంతో కాదు, సిద్ధాంతంతో. డస్టరు ఆయన కోటుకు తగలడం యాదృచ్ఛికం.

ఆర్డరు చేతిలో పెడుతూ ఆయన అన్నది: "ప్రజలు, ప్రజలు అంటావుగా వెంకటప్పయ్యా. వెళ్ళు. మార్చి పదిన నేనే వస్తా. చూపించడానికి ఏమీ లేకపోతే అటునుంచి అటే ముదిగొండ బస్సెక్కి మీ నాన్న ఎరువుల కొట్లో కూర్చో."

నాన్న అప్పుడే కొట్లోకి రెండో కుర్చీ కొన్నాడని అమ్మ రాసింది.

ఫిబ్రవరి 9

దవాఖానాలో డాక్టరు ఒకాయన. నెలలో సగం రోజులు భద్రాచలంలోనే ఉంటారు, మిగతా సగం అక్కడికి ప్రయాణంలో ఉంటారు. నడిపించేది నిర్మలాదేవి సిస్టర్. మధిర ఆవిడ. నా కరపత్రాల కట్ట చూసి, "అమ్మయ్య, సిరంజిలు చుట్టడానికి కాయితం అయిపోయింది బాబూ" అంది. నాకు కోపం రాలేదు.

వార్డు ఆయా జంపక్క. నాలుగు మైళ్ళ అవతల బండిరేవుగూడెం ఆమెది. కోయ మనిషి. నేను ఏం చెప్పినా 'అవ్ సారూ' అంటుంది, ఏదీ చెయ్యదు.

ఫ్రిజ్ నిండా పిల్లల టీకా మందు ఉంది. గురువారం గురువారం సూదుల రోజు. ఒక్క పిల్లాడూ రాడట.

"ఎందుకు రారు?" అన్నాను.

"వస్తరు సారూ. జరమొస్తె వస్తరు" అంది జంపక్క. "మంచిగ ఆడుకునే పిల్లకి సూది పొడిచి జరం తెప్పిస్తం రాండ్రి అంటె ఎవరొస్తరు? నువ్వయితె వస్తవా?"

నా ప్రాజెక్టు దొరికింది. పిల్లలకు సూదులు. గూడేలకు గూడేలు కదిలి వస్తాయి. రంగాచారి గారు జీపు దిగి నోరు తెరుస్తారు.

ఫిబ్రవరి 11, గురువారం

ఒక మేక వచ్చింది.

"రిజిస్టర్లో రాయమంటారా?" అని అడిగింది సిస్టర్.

ఫిబ్రవరి 13

క్లాసులో నేర్పినవన్నీ పెట్టేశాను. గేటు నుంచి సూదుల గది దాకా గోడ మీద ఎర్ర బాణం గుర్తులు గీశాను. బెంచీ వేశాను. టోకెన్లు చేయించాను. జంపక్క చీపురు పక్కన పెట్టి బాణాల వెంట గది దాకా నడిచి, వెనక్కి వచ్చింది.

"మంచిగున్నయ్ సారూ. మావోళ్ళు ఇవి జూస్తె ఎటు రావొద్దో సక్కగ తెలుస్తది."

కోపం రాలేదు. పెయింటు డబ్బా దానంతట అదే దొర్లింది.

ఫిబ్రవరి 18

మొన్న సంతలో కొన్న పాత సైకిలు మీద బండిరేవుగూడెం వెళ్ళాను. ప్రజలు మన దగ్గరికి రాకపోతే మనమే ప్రజల దగ్గరికి వెళ్ళాలి. ఇది ఆకుపచ్చ కరపత్రంలో, మూడో పేజీలో ఉంది.

సైకిలు గంట వినగానే ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని అడవిలోకి పోయారు. నేను సిద్ధం చేసుకున్న ఉపన్యాసం మొత్తం ఇచ్చాను. కోరింత దగ్గు, ధనుర్వాతం, ప్రపంచ దేశాల పిల్లల మరణాలు, సామ్రాజ్యవాదం. విన్నది గూడెం పటేలు పగిడయ్య, ఒక కుక్క. కుక్క మధ్యలో వెళ్ళిపోయింది.

పగిడయ్యకు అరవై ఉంటాయి. నోట్లో చుట్ట, కళ్ళలో ఎప్పుడూ ఒక నవ్వు, అది పెదవుల దాకా రాదు. "మస్తు చెప్పినవ్ సారూ" అన్నాడు. "సగం నాకు అర్థంగాలే. మిగతా సగం నీకు గూడ కానట్టుంది. మందిని పిలిచి చెప్పాలె గిట్లాంటివి."

"పిలిస్తే వస్తారా?"

"మంచిగ పిలిస్తె రాకేం?"

ఫిబ్రవరి 20

నిన్నంతా ఆలోచించాను. తప్పు నాదే. కాదు, నా చదువుది. గోడ మీద బాణాలు హైదరాబాదు భాష. 'ప్రజలను ప్రజల పద్ధతిలోనే పిలువు.' ఈ వాక్యం కింద నేనే రెండేళ్ళ క్రితం గీత గీసుకున్నాను. అది కళ్ళెదుటే ఉన్నా మరిచిపోయాను.

ముదిగొండలో ఏం చేస్తారు? టముకు వేయిస్తారు. నీళ్ళు వదులుతున్నారన్నా, పన్ను కట్టాలన్నా టముకే. ఇక్కడ టముకు లేదు, డోలు ఉంది. అంతే తేడా.

మళ్ళీ పగిడయ్య దగ్గరికి పోయాను. మార్చి పదో తారీకున అన్ని గూడేల వాళ్ళూ పిల్లల్తో దవాఖానాకు రావాలి, డోలు వేయించు అన్నాను. ఆయన చుట్ట తీసి నా ముఖం చూశాడు.

"డోలు తిప్పమంటవ్."

"అవును."

"నీ పేరు మీద."

"నా పేరు మీదే!"

"సీతయ్య తిప్పుతడు డోలు. గాని ఎవరు పిలుస్తున్నరో తెల్వాలె గద. నీ తువ్వాలు కట్టాలె డోలుకి."

భుజం మీది కొత్త గళ్ళ తువ్వాలు తీసి ఇచ్చేశాను. అది మనం నేర్చుకోవాల్సిన సంస్కృతి. సంతకం బదులు తువ్వాలు!

"ఎంతమంది రావాలె సారూ?"

"అందరూ రావాలి."

"అందరూ?"

"ముసలీ ముతకా, ఒక్కరూ మిగలకూడదు."

ఇంకోసారి కూడా అడిగాడు. నాయకుల్లో ఈ సంకోచం ఉంటుంది. ప్రజాశక్తి మీద నమ్మకం చాలదు.

తిరిగి వచ్చి జంపక్కతో చెప్పాను. బొక్కెన కింద పెట్టి గోడకు ఆనుకుని నవ్వింది.

"ఎందుకు నవ్వుతున్నావు?"

"ఏం లేదు సారూ. మంచి పని జేసినవ్. మావోళ్ళకి శాన దినాలాయె."

బొక్కెన ఎత్తుకుని వార్డులోకి పోయింది.

ఫిబ్రవరి 29

సీతయ్య డోలు ఊళ్ళు దాటుతోంది. నిన్న సంతలో ఎవరో తెలియని ముసలాయన నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. జీవితంలో మొదటిసారి నాయకత్వం అంటే ఏమిటో తెలిసింది.

మార్చి 4

ఒక ముసలమ్మ దవాఖానా గేటు దగ్గరికి వచ్చి, "కట్టెలున్నయా సారూ? లేకుంటె మేం మోసుకొస్తం" అని అడిగి పోయింది. సిరంజిలు ఉడకబెట్టాలంటే కట్టెలు కావాలని ఆమెకు ఎలా తెలుసు? ప్రజల్లో సహజంగా ఉండే శాస్త్రీయ దృష్టి! రిపోర్టులో రాయాలి.

మార్చి 9

రేపే. రంగాచారి గారు భద్రాచలం చేరారట. నేను ప్రశాంతంగా ఉన్నాను. సిస్టర్ ఎందుకో స్టోరులో బియ్యం ఎంతున్నాయో చూసుకుంటోంది.

మార్చి 11

నిన్న రాయడానికి చేతులు లేవు. మసి, నూనె, కారం.

మొదటినుంచి రాస్తాను. పొద్దున్నే డోళ్ళు వినిపించాయి. బయటికి వచ్చి చూస్తే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అడవిలోంచి బాటలు బాటలుగా జనం. పిల్లలు చంకల్లో, ముసలివాళ్ళు కర్రల మీద, ఆడవాళ్ళ కొప్పుల్లో పూలు. ప్రతి గూడెం వాళ్ళూ ఒక కట్టెల మోపు, అడ్డాకుల కట్ట తెచ్చారు. ఎవరూ నా బాణాల వైపు చూడలేదు. ఆవరణలో ఇప్పచెట్ల కింద వరసలు వరసలుగా కూర్చుని ఆకులు ముందు పరుచుకున్నారు. ఆ క్రమశిక్షణ!

"జంపక్కా, ఆకులు ఎందుకు?"

"తిననీకి."

"ఏం తినడానికి?"

"నువ్వేం పెడితె అది."

ఆమె అప్పుడు చెప్పింది. డోలు ఉత్తగా తిరిగితే అది కబురు. డోలుకు తువ్వాలు కట్టి తిప్పితే అది విందు పిలుపు. తువ్వాలు ఎవరిదో వండిపెట్టేది వాళ్ళు. ఈ చుట్టుపక్కల గూడేల్లో అందరినీ, ఒక్కరూ మిగలకుండా పిలిచిన మనిషి ఇప్పటిదాకా ఎవడూ లేడట. పాతకాలం కోట రాజులు కూడా మూడు గూడేలను పిలిచి ఆగారట.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను. అవును, అరిచాను.

"నువ్వు అడిగింది ఎందుకు నవ్వుతున్నవ్ అని. తువ్వాలెందుకు అని ఎప్పుడన్న అడిగినవా?"

పగిడయ్య అప్పటికే ఎదురుగా ఉన్నాడు. "ఆగం గాకు సారూ. నీకు తెల్వదని నాకెర్కే. రెండు పందులు తోలుకొచ్చి ఎనక కట్టేసిన. నీ సైకిల్ ఊకెనే ఉంటది గద."

పందులకు బదులు నా సైకిలు పోయింది.

దాని గురించి ఇంక రాయను.

రెండేళ్ళు క్లాసులో సరఫరా, సిబ్బంది, జన ప్రవాహం అని పెట్టెలు పెట్టెలుగా గీతలు గీశాం. నిన్న పొద్దున ఆ గీతల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. సిస్టర్ స్టోరు తాళం నా మీదికి విసిరి, "రోగుల బియ్యం ఇస్తున్నా. ఎల్లుండి లోపల తిరిగి పొయ్యకపోతే నిన్నే వండుతా" అంది. సిరంజిలు ఉడికే గిన్నెలు తప్ప అన్ని గిన్నెలూ పొయ్యి ఎక్కాయి. కట్టెల మోపుల ముసలమ్మ నన్ను తోసేసి పొయ్యి తనే వేసింది. నేను వేసిన పొయ్యి మీద ఎలుకను కూడా వండలేమట. నీళ్ళ దగ్గర గొడవైతే పోయి అరిచాను. ఉప్పు దగ్గర గొడవైతే పోయి అరిచాను. మూడో గొడవకు గొంతు పోయింది. అప్పటినుంచి పని సాఫీగా సాగింది.

సరిగ్గా అప్పుడు జీపు.

రంగాచారి గారు తెల్ల ప్యాంటు, కోటు, నుదుట సన్నటి నామం. దిగి చూశారు. ఇప్పచెట్ల కింద వందల మంది. మధ్యలో పంది. పంది పక్కన గరిటెతో నేను.

"ఇదేమిటి?"

గొంతు లేదు. "కమ్యూనిటీ పార్టిసిపేషన్ సార్" అని గుసగుసగా అన్నాను.

ఆయనకు కుర్చీ వేసి అరటిపళ్ళు ఇచ్చాం. ముక్కు మీద రుమాలు పెట్టుకుని అరటిపండు తినడం ఎంత కష్టమో నిన్ననే చూశాను.

భోజనాలయ్యాయి. పగిడయ్య లేచి మూతి తుడుచుకున్నాడు.

"తిన్నం సారూ. ఇగ అడుగు."

నేను జంపక్క వైపు చూశాను. "పెట్టినోడు ఒక్కటి అడగొచ్చు. తిన్నోళ్ళు కాదనొద్దు. గది రివాజు" అంది. ఇదీ ముందే చెప్పలేదు!

అడిగాను. పిల్లలకు సూదులు.

ఆడవాళ్ళలో గుసగుస మొదలైంది. పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. వాళ్ళ భాషలో చాలాసేపు వాదించుకున్నారు. పగిడయ్య రెండువైపులా విని, నా వైపు తిరిగాడు.

"కాదనం. గాని ముందు నీ వాళ్ళకి పొడిచి సూపియ్యి."

"నాకే పొడవండి" అని చొక్కా ఎత్తాను.

"నువ్వు వంటోడివి. వంటోడు తన కూర మెచ్చుకుంటె లెక్కగాదు. నీకు ఈడ పెద్దోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

ప్రమాణం చేసి రాస్తున్నాను. నాలో కక్ష లేదు. నా చేయి దానంతట అదే లేచి కుర్చీ వైపు చూపించింది.

"మా గురువుగారు."

జనమంతా ఆయన వైపు తిరిగారు. రంగాచారి గారి చేతిలో అరటిపండు ఆగిపోయింది.

"నాన్సెన్స్. నేను అడ్మినిస్ట్రేటర్ని. నాకు ధనుర్వాతం సూది కిందటేడే అయింది."

"కార్డు ఉందా సార్?" అంది నిర్మలాదేవి సిస్టర్, చాలా వినయంగా.

"కార్డు ఎవరు జేబులో పెట్టుకు తిరుగుతారమ్మా?"

అప్పుడు నాకు గొంతు తిరిగి వచ్చింది. "సార్, రాసి లేనిది జరగనట్టే లెక్క అని మీరే చెప్పారు. మొదటి సెమిస్టరు, రెండో లెక్చరు."

ఆయన నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా దాచుకుంటాను.

కోటు విప్పారు. చొక్కా విప్పారు. ఎడమ భుజం తెల్లగా, మెత్తగా ఉంది. రెండేళ్ళు మమ్మల్ని గడగడలాడించిన మనిషి భుజమేనా అది? సిస్టర్ దూది రుద్దుతుంటేనే కళ్ళు మూసుకున్నారు. సూది దిగగానే అడవి దద్దరిల్లేలా "గోవిందా!" అని కేక పెట్టారు.

ముందు ఒక ముసలమ్మ నవ్వింది. ఆమె పక్కామె నవ్వింది. అది ఇప్పచెట్ల కింద చివరి వరస దాకా పాకింది. నవ్వులోనే ఒక తల్లి బిడ్డనెత్తుకుని లేచింది, ఆమె వెనక ఇంకో ఆమె. సూది దిగిన ప్రతిసారీ పిల్ల ఏడవక ముందే జనమంతా "గోయిందా!" అన్నారు. సగం మంది పిల్లలు ఏడవడం మరిచిపోయారు. ఫ్రిజ్‌లో మందు అడుగంటింది.

జీపెక్కుతూ రంగాచారి గారు భుజం పట్టుకునే మాట్లాడారు.

"నువ్వు ఇవాళ చేసింది అడ్మినిస్ట్రేషన్ కాదు వెంకటప్పయ్యా. పెళ్ళి."

"సార్, పిల్లలందరికీ..."

"ఒక్క డోసు డోసు కాదు. నెలకొకటి చొప్పున మూడు పడితేనే రక్షణ. ఈ పిల్లలే, ఇంతమందీ, ఇంకా రెండుసార్లు రావాలి. పంది లేకుండా. మే అయిదు మూడో డోసు. వస్తే నీకు డిగ్రీ. రాకపోతే లేదు. అప్పటిదాకా నీ రిజల్ట్ ఆపేస్తున్నా."

అన్యాయం. పచ్చి అన్యాయం. కక్ష సాధింపు. రాతపూర్వకంగా నిరసన తెలుపుతాను.

ఆయన చెప్పింది కరెక్టే. అందుకే ఇంకా మండుతోంది.

మార్చి 12

జ్వరాలు. జంపక్క మొదటిరోజే చెప్పింది కదా. తల్లులు పిల్లల్ని ఎత్తుకుని వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. కరపత్రాలన్నీ తిరగేశాను, జ్వరం మాటే లేదు.

సిస్టర్ మాత్రల డబ్బా నా చేతిలో పెట్టింది. "రానివాళ్ళ ఇళ్ళకు నువ్వు పో. నోరు మాత్రం తెరవకు."

మార్చి 13

నడక. సైకిలు లేదు. పగిడయ్య దాని మీద ఎదురై గంట కొట్టి పలకరించాడు. కోపం వచ్చింది. అబద్ధం ఎందుకు, వచ్చింది.

మార్చి 14

బండిరేవుగూడెంలో ఒక బిడ్డ తొడ వాచింది. మధ్యాహ్నమంతా తడిగుడ్డ పట్టుకుని కూర్చున్నాను. తల్లి మొదట నా వైపు చూడలేదు. తరవాత జొన్న జావ ఇచ్చింది. సాయంత్రానికి బిడ్డ నా మీసం పీకింది. బాగా పీకింది. తగ్గినట్టే.

మార్చి 22

కరపత్రాలు సిస్టర్ నిజంగానే సిరంజిలకు చుట్టేసింది. ఆకుపచ్చది ఒక్కటి కాపాడాను. చదవలేదు, టైం లేదు.

ఏప్రిల్ 6

రేపు రెండో డోసు. భద్రాచలం నుంచి కొత్త మందు వచ్చింది. డోలు వేయించలేదు, తువ్వాలు కట్టలేదు. పంది వద్దన్నారు కదా, డోలు వింటే మళ్ళీ విందనుకుంటారు. ప్రతి ఇంటికీ పోయి రేపు అని మాత్రం చెప్పాను. అందరూ తలూపారు. ఇక్కడ తలూపడమంటే విన్నామని మాత్రమే అర్థం అంటుంది జంపక్క.

ఏప్రిల్ 8

నిన్న పొద్దున బెంచీ మీద నేను, నా పక్కన మందు సీసాల మంచు పెట్టె. గేటు ఖాళీ. ఎండెక్కింది. మంచు కరుగుతున్న చప్పుడు వినపడుతున్నట్టే ఉంది. మేక కూడా రాలేదు.

"ఎరువుల్లో యూరియా ఎక్కువ పోతుందా, సూపర్ ఫాస్ఫేటా?" అని అడిగింది సిస్టర్.

అప్పుడు డోలు. ఒక్కటే డోలు. సీతయ్య గేట్లోకి వచ్చి నా ముందు ఆగాడు. డోలుకు ఎర్రటి తలగుడ్డ కట్టి ఉంది.

"పటేలుది" అంది జంపక్క, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ. "నిన్ను పిలుస్తుండు సారూ. తిన్న ఇంటోళ్ళకి మళ్ళ తినిపియ్యకుంటె మాకు నామోషి. అన్ని గూడేలోళ్ళు ఆడ్నే ఉన్నరు, పిల్లల్తోటి. సూదులు గూడ పట్టుకరమ్మన్నరు. ఎట్లాగూ వస్తున్నవ్ గద."

మంచు పెట్టె నెత్తిన పెట్టుకుని పరుగెత్తాను. నాలుగు మైళ్ళు. సిస్టర్ వెనక తిట్టుకుంటూ.

ముందు సూదులు. ప్రతి ఒక్కరికీ. "గోయిందా" ప్రతిసారీ. తొడ వాచిన బిడ్డ తల్లి అందరికంటే ముందు నిలబడింది. మొదటిసారి వచ్చిన పిల్లల్లో ఒక్కరూ తప్పలేదు. జంపక్క పేరు పేరునా పిలిచి చూపించింది. తరవాత చేపలు, జొన్న కూడు. కల్లు తాగలేదు. మర్యాదకు రెండు దొప్పలు. మూడో దొప్ప ఎవరిదో పొరపాటున తాగాను.

మూతి కడుక్కుని లేవబోతుంటే పగిడయ్య నా భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

"తిన్నవా సారూ?"

"తిన్నాను."

"మంచిగున్నదా?"

"చాలా బాగుంది."

"అయితె ఇగ మేం అడుగుతం."

తిన్నవాడు కాదనకూడదు. రోడ్డు అడుగుతారా? బోరు అడుగుతారా? ఇద్దామంటే నా దగ్గర సైకిలు కూడా లేదు. ఆడవాళ్ళు తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకుని, ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుని, జంపక్కకు చెప్పారు.

"మూడో సూది నాడు నీ గోయిందా సారును తోలుకరావాలె."

"ఎవర్నీ?"

"నీ గురువును. ఆయన ముందు పొడిపిచ్చుకోవాలె. అప్పుడే మేం."

"ఆయన రారు! ఆయన డైరెక్టరు!"

పగిడయ్య చుట్ట వెలిగించాడు. "తిన్నవ్ గద."

"ఆయన రాకపోతే?"

"మాట తప్పినోడి సూది మాకెందుకు సారూ?"

అందరూ నవ్వుతున్నారు. కానీ ఆ మాట నవ్వుతూ అన్నది కాదు.

ఏప్రిల్ 10

డైరెక్టరు గారికి ఉత్తరం. మొదటిది కోపంగా వచ్చింది, చించేశాను. రెండోది బతిమాలుతున్నట్టు వచ్చింది, దాన్ని ఇంకా చిన్న ముక్కలు చేశాను. మూడోది సిస్టర్ చెబుతుంటే రాశాను:

'గౌరవనీయులైన డైరెక్టర్ గారికి. రెండో డోసు పూర్తయింది. పంది లేదు. పిల్లలందరూ వచ్చారు. ఒక్క డోసు డోసు కాదని తమరు సెలవిచ్చారు. మా రిజిస్టరు ప్రకారం మార్చి పదిన ధనుర్వాతం మొదటి డోసు తీసుకున్న పెద్దవారు ఒక్కరే. వారు రెండో డోసుకు హాజరు కాలేదు. గడువు దాటింది. వారు మే అయిదున హాజరైతే మిగతా వారంతా హాజరవుతామంటున్నారు. తమ దయ.'

చదివి చూసుకుని నవ్వు ఆపుకోలేకపోయాను. తరవాత భయమేసింది. ఇది పోస్టులో వేస్తే నా డిగ్రీ అయినా రావాలి, లేదా నన్ను సంస్థ గేటు కూడా తాకనివ్వరు.

వేశాను.

ఏప్రిల్ 19

జవాబు లేదు. నాన్న ఉత్తరం వచ్చింది. కొట్టుకు కొత్త బోర్డు రాయించాడట. 'వెంకటరామారావు అండ్ సన్'. 'సన్' అన్న చోట పెయింటు ఇంకా ఆరలేదు, తొలకరికి ముందే రమ్మన్నాడు.

ఏప్రిల్ 25

గూడేల్లో ఎక్కడికి పోయినా ఒకటే ప్రశ్న. "గోయిందా సారు ఎప్పుడొస్తడు?" వస్తాడు అంటున్నాను. నా నోటితో నేనే. జవాబు లేదు.

ఏప్రిల్ 28

రాకపోతే ఏం చెయ్యాలో ఆలోచించాను. డిగ్రీ సంగతి కాదు. అది పోతే ఎరువులమ్ముతాను, ఎరువులతోనూ విప్లవం చెయ్యొచ్చు. కానీ ఆ మూడో సూది పడకపోతే మొదటి రెండూ దండగ. ఆ బిడ్డ జ్వరం, ఆ తొడ వాపు, నా మీసం, అన్నీ దండగ. పగిడయ్య కాళ్ళు పట్టుకుంటాను. ఆయన ఒప్పుకోడు. ఆయనా నాలాంటి మొండివాడే.

ఏప్రిల్ 30

జవాబు లేదు. సిస్టర్‌తో పోట్లాడాను, ఉత్తరం అలా రాయించినందుకు. "నవ్వింది ఎవరు బాబూ?" అంది.

మే 2

పోస్టుమాన్ టెలిగ్రాం తెచ్చాడు. విప్పడానికి ధైర్యం చాలక జంపక్కకు ఇచ్చాను. ఆమె చదువు రాదని సిస్టర్‌కు ఇచ్చింది. సిస్టర్ చదివి, పోయి ఫ్రిజ్ తెరిచి, ధనుర్వాతం మందు ఒక సీసా విడిగా పెట్టి, కాయితం నా చేతికిచ్చింది.

'గురువారం చేరుతున్నాను. ఈసారి కుడి భుజం. రంగాచారి.'